షామియానా దాకా కూత

"గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి," అంది ఊర్మిళ, పూర్ణిమ పక్కటెముకల కింద రెండు వేళ్ళు ఆనించి. "ఇదిగో, ఇక్కణ్ణించి. గొంతుతో కూత పెడితే గీత దాటకముందే ఊపిరి అయిపోతుంది."

పూర్ణిమ సినిమాలో నాయిక. ఛత్తీస్‌గఢీలో అప్పటికే రెండు మూడు సినిమాలు చేసింది గానీ కబడ్డీ ఎప్పుడూ ఆడలేదు. ఎవరి మాటా వినని ఒక కబడ్డీ పిల్ల మీద నవ్వుల సినిమా తీస్తున్నామనీ, ఆ పిల్ల వేషం వేసే అమ్మాయికి ఆట నేర్పాలనీ డైరెక్టరు ఉమేష్ వచ్చి అడిగినప్పుడు ఊర్మిళ సరదాపడే ఒప్పుకుంది. ఆమెకి ఉర్లాలో ఒక ఇనుప కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రాలు రాయ్‌పూర్ రైల్వే కాలనీ గ్రౌండులో ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతుంది. సినిమా కోసం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చింది.

ఆ పూట ఉమేష్ కుర్చీ లాక్కుని కూర్చుని, త్వరలో తీయబోయే సీను హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఫైనల్ మ్యాచి. మన పిల్ల కూతకి బయల్దేరుతుంది. కానీ ఎదుటి జట్టు మీదికి వెళ్ళదు. కబడ్డీ కబడ్డీ అంటూనే పక్కగీత దాటేస్తుంది. తిన్నగా షామియానా కిందికి పరిగెడుతుంది. అక్కడ మెళ్ళో దండేసుకుని కూర్చున్న కబడ్డీ సంఘం సెక్రటరీ భుజం మీద ఒక్కటి చరిచి, అదే ఊపిరితో వెనక్కొచ్చి, రిఫరీతో అంటుందీ, ఆయన ఔట్ అని!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పూర్ణిమయితే నేలమీద కూలబడిపోయింది. ఊర్మిళకి మాత్రం అరికాళ్ళ నుంచి వేడి పైకి పాకింది.

అది ఆమె కథ. అక్షరాలా ఆమె కథ.

పన్నెండేళ్ళ కిందట, ఇదే ఊళ్ళో రాష్ట్రస్థాయి ఫైనల్ ఆడిన రోజు, ఆమె జట్టుకి కెప్టెన్. జట్టులో పట్టు పట్టడంలో నళినిని మించినవాళ్ళు లేరు. తీరా మ్యాచి మొదలయ్యే ముందు సెక్రటరీ నళిని పేరు కొట్టేసి, తన తమ్ముడి కూతురి పేరు రాయించాడు. కోచ్ నేల చూపులు చూశాడు. ఎవరూ నోరెత్తలేదు. ఊర్మిళ కూడా నోరెత్తలేదు. కూతకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు ఎత్తింది. గ్రౌండంతా ఘొల్లుమంది. సెక్రటరీ ఏం చెయ్యాలో తోచక మెళ్ళో దండ సర్దుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమెని ఆటనుంచి వెలేశారు. మళ్ళీ రాష్ట్రం బనీను వేసుకునే రాత ఆమెకి రాలేదు.

ఇంట్లో అంతకన్నా పెద్ద శిక్ష పడింది. వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసే తండ్రి బంగారయ్య చాలాకాలం ఆమెతో మాట మానేశాడు. తల్లి రమణమ్మ మాట మానలేదు గానీ, ఆ సంగతి ఎవరెత్తినా "ఇంకో ఊసేదైనా సెప్పండి" అని మొహం గంటు పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. తండ్రి పోయాక కూడా ఆమె తీరు మారలేదు. తన వల్ల అమ్మ తలవంపులు పడిందన్న ముల్లు ఊర్మిళ లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది.

"ఈ సీను మీకెలా తోచింది?" అని ఉమేష్‌ని అడిగింది, గొంతు మామూలుగా పెట్టి.

"అలా తోచేసిందంతే," అన్నాడతను, టీ గ్లాసు వైపు చూస్తూ. మొహం వైపు చూసి చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో.

పోనీ, ఆ రోజు గ్రౌండులో ఎంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు చెప్పి ఉంటారులే అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు వారం కూడా నిలవలేదు. కాలనీలో ఖాళీగా ఉన్న ఒక క్వార్టర్లో సినిమా వాళ్ళు వంటిల్లు సెట్టు వేస్తున్నారు. ఊర్మిళ తొంగిచూసింది. పైన చెక్కల అటక. అటక మీద పచ్చడి జాడీ.

"ఇది దేనికి?" అంది.

"సెక్రటరీ మనుషులు క్షమాపణ చెప్పించడానికి ఇంటికొస్తారు కదా," అన్నాడు సెట్టు వేస్తున్న మనిషి. "తల్లి పిల్లని అటకెక్కిస్తుంది. ఊళ్ళో లేదని బొంకుతుంది. పైన ఆకలేసి పిల్ల పచ్చడి తినేస్తుంది. వెక్కిళ్ళు పట్టుకుంటాయి. అవి వినిపించకుండా కింద తల్లి గిన్నెలు ఎత్తి పడేస్తూ ఉంటుంది. భలే ఉంటుంది మేడమ్!"

ఇది గ్రౌండులో ఎవరూ చూసింది కాదు. తిల్దాలో పెద్దమ్మ ఇంటికెళ్ళిందని రమణమ్మ అప్పట్లో నిజంగానే ఇంటికొచ్చిన సెక్రటరీ మనుషులకే కాదు, బంగారయ్యకీ అలాగే చెప్పింది. అటక సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. అమ్మ. మర్నాడు చూడవచ్చిన నళిని. పెళ్ళయ్యాక ఊర్మిళ స్వయంగా చెప్పుకున్న భర్త ధనుంజయ్.

అమ్మని లెక్కలోంచి తీసేసింది. ఆ మాటెత్తితేనే లేచిపోయే మనిషి సినిమావాళ్ళకి చెబుతుందా? ఇక మిగిలింది ఇద్దరు.

ఆ రోజు నుంచి ధనుంజయ్ ఏం చేసినా ఊర్మిళకి అనుమానంగానే కనబడింది. అనుమానపడేలాగే ఉన్నాయి అతని పనులు కూడా. ఎన్నడూ లేనిది మీసం పెంచుతున్నాడు. ఫోన్ మోగితే తీసుకుని మెట్లమీదికి వెళ్ళిపోతున్నాడు. అద్దం ముందు నిలబడి కనుబొమలు ఎగరేస్తున్నాడు.

"నీకు ఉమేష్ తెలుసా?" అంది ఒక సాయంత్రం, అన్నం వడ్డిస్తూ.

"ఏ ఉమేష్?" అన్నాడు ధనుంజయ్.

రోజూ ఆమె చెప్పే ఉమేష్. కాలనీ అంతా చెప్పుకునే ఉమేష్. ఏ ఉమేష్ అని అడగడంతోనే దొరికిపోయాడనిపించింది.

"నా అటక సంగతి వాడికి నువ్వే చెప్పావు కదా?"

"నేనెందుకు చెప్త? నాకేం పని లేదా?" కరీంనగర్ వైపు యాస అతనిది. కోపమొస్తే ఇంకాస్త చిక్కబడుతుంది. "నీ ముచ్చట ఊరంతా తెలుసు. గిప్పుడు నా మీద పడ్డవేంది?"

"మరి ఫోన్లో ఎవరితో ఆ గుసగుసలు?"

"మిల్లుల పని," అని తను పనిచేసే మిల్లు మీదికి నెట్టేసి, చెయ్యి కడుక్కుని లేచాడు. పెరుగు కలుపుకోకుండా అతను లేవడం అదే మొదటిసారి.

చెప్పడు, తేలదు. మర్నాడు ఊర్మిళ అభన్‌పూర్ బస్సెక్కింది. నళినికి అక్కడ ధమ్‌తరీ రోడ్డు పక్కన కుట్టు షాపు ఉంది. అడపాదడపా ఫోన్లే తప్ప, ఇద్దరూ కలుసుకుని చాలా కాలమైంది.

"ఒలమ్మా, నువ్వేటే! ఇంత ఎండలో!" అంటూ నళిని మిషను ఆపి లేచింది. స్టూలు తుడిచింది. "కూకో. నిమ్మకాయ నీళ్ళు తెప్పిస్తాను."

"నీళ్ళు తర్వాత. నా సంగతి సినిమావాళ్ళకి నువ్వేనా చెప్పింది?"

దారి పొడుగునా మెల్లగా అడగాలనే అనుకుంది ఊర్మిళ. నోట్లోంచి మాత్రం అలా వచ్చేసింది.

"ఏ సినిమా?"

చెప్పింది. షామియానా సీనూ, అటకా, జాడీ, వెక్కిళ్ళూ అన్నీ చెప్పింది. నళిని మెళ్ళో వేలాడుతున్న టేపు తీసి, వేలికి చుట్టి, మళ్ళీ విప్పింది.

"అందులో నానున్నానా?" అంది చివరికి.

"ఉన్నావు. జట్టులోంచి తీసేసిన పిల్ల ఒకత్తె ఉంది."

"ఆ పిల్ల ఏటి సేస్తాది?"

"ఏం చేస్తుంది... మొదట్లో ఏడుస్తుంది. ఆ తర్వాత కనబడదు."

"అదిగో. అదే నాను." నళిని గొంతు పెంచలేదు. "ఆ దినం నువ్వు సేసింది సూసి అందరూ నవ్వినారు. తిట్టినోళ్ళు తిట్టినారు, మెచ్చినోళ్ళు మెచ్చినారు. నీకో పేరొచ్చినాది. మరి నాకు? తీసేసిన పిల్ల. ఆఖరికి నా పెళ్ళిసూపుల్లో కూడా అడిగినారు, ఆ పిల్ల గోల సేసింది నీ కోసమేనా అని. సేద్దునా వద్దా అని నన్నో మాటు అడిగినావేటి? ఆ ఊసు నా నోట్తో నాను సెప్పుకుంటానా? నన్నా నువ్వు అడగడానికొచ్చినావు?"

నళిని మిషను ముందు కూర్చుని గుడ్డ సర్దుకుంది. సూది కింద కుట్టు పరిగెత్తడం మొదలైంది. నిమ్మకాయ నీళ్ళు రాలేదు.

తిరుగు బస్సులో ఊర్మిళకి సిగ్గేసింది. కానీ అనుమానం అంత తేలిగ్గా వదల్లేదు. అంత కోపంగా ఉన్న మనిషి ఎవరితోనైనా అని ఉండదా అని ఒక పక్క, ఛీ అని ఇంకో పక్క. బస్సు దిగీ దిగగానే తిన్నగా గ్రౌండుకి వెళ్ళింది. ఉమేష్ మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతున్నాడు.

"నాకు నిజం చెప్పండి. లేకపోతే రేపట్నుంచి పూర్ణిమకి కూత మీరే నేర్పుకోండి," అంది. "ఈ కథ ఎవరిచ్చారు?"

ఉమేష్ పళ్ళెం కింద పెట్టాడు. తప్పు చేసి పట్టుబడ్డ పిల్లాడిలా ముక్కు గోక్కున్నాడు.

"రైల్లో విన్నాను మేడమ్. రెండేళ్ళ కిందట విశాఖ వైపు వెళ్ళే రైల్లో. ఎదురు సీట్లో ఒక ఆంటీ. పక్కవాళ్ళ పిల్ల ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి పెట్టె పెట్టంతా ఆమె చుట్టూ చేరిపోయింది. ఆ హిందీ వినాలి మీరు! ఆడా లేదు మగా లేదు. 'మేరా లడ్కీ దౌడా, సెక్రటరీ గిరీ' అంటుంది. కూతురు పరిగెత్తాడట, సెక్రటరీ పడిపోయిందట! స్టీలు కంచం గిన్నెకేసి కొట్టి వెక్కిళ్ళ కథంతా చేసి చూపించింది. మేము ఎంత నవ్వామో ఆమె అంతకు రెట్టింపు నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేశాయి ఆమెకి. పేరడగడం మరిచిపోయాను. అందరికీ చేగోడీలు పెట్టింది."

"ఎలా ఉంటుంది మనిషి?"

"పొట్టిగా. రెండు వైపులా ముక్కుపుడకలు. పార్వతీపురంలో పెళ్ళికి వెళుతున్నానంది." అప్పుడు ఉమేష్‌కి ఏదో తట్టినట్టుంది. ఊర్మిళని ఎగాదిగా చూశాడు. "మేడమ్... ఆ లడ్కీ మీరేనా?"

ఊర్మిళ అమ్మ నవ్వడం ఊహించడానికి ప్రయత్నిస్తోంది. కంచం కొడుతూ, ఊరూ పేరూ తెలియనివాళ్ళ మధ్య, కళ్ళలో నీళ్ళొచ్చేలా. ఎంత ప్రయత్నించినా ఆ మొహం రాలేదు. ఈ మనిషి ఇంకెవరినో కాపాడడానికి అబద్ధమాడుతున్నాడేమో అని కూడా అనిపించింది. కానీ ముక్కుపుడకలు, చేగోడీలు, పార్వతీపురం పెళ్ళి.

రమణమ్మ కాలనీ వెనక వీధిలో అద్దె వాటాలో ఉంటుంది. ఊర్మిళ వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

"అమ్మా, పార్వతీపురం పెళ్ళికెళ్ళినప్పుడు రైల్లో ఏం చెప్పావు?"

"ఏ రైలు?"

"చేగోడీలు పట్టుకెళ్ళిన రైలు."

రమణమ్మ చేతిలో కాడ విరిగింది. ఆకులన్నీ ఒక పక్కకి నెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట లేదు, ఊరికే తుడుచుకుంది.

"నీకెవుడు సెప్పినాడు?"

"ఆ పెట్టెలో ఒక సినిమావాడు ఉన్నాడు. ఇప్పుడు సినిమా తీస్తున్నాడు. నేను మొగుణ్ణి అనుమానించాను, నళిని మీద నింద వేసి వచ్చాను. నువ్వా అమ్మా! నీకు అది సిగ్గుచేటు కదా? ఆ మాటెత్తితే లేచిపోయేదానివి కదా?"

"సిగ్గేటి?" అంది రమణమ్మ ఆశ్చర్యంగా. "ఆ దినం నాను గ్రౌండులోనే ఉన్నాను."

ఊర్మిళ గుమ్మం మెట్టు మీద తల్లి పక్కన కూర్చుంది.

"మీ నాయినకి రేషను షాపుకెల్తన్నానని సెప్పి వచ్చినాను. గోడవారన నిలబడి సూసినాను. నువ్వు అలాగ షామియానాలోకి దూరిపోతావుంటే నాకు గుండె ఆగిపోనాది. ఆనక ఆడి మొహం సూసినాను. నవ్వాగలేదే తల్లీ! పక్కనున్న సింధీ ఆవిడెవురో, ఆవిడ మీద పడిపోనాను. ఇద్దరం ఒకల్నొకలం పట్టుకుని నవ్వినాం. నీకన్నా ముందే ఇంటికొచ్చేసి మొహం కడుక్కున్నాను."

"మరి నాతో ఎందుకలా ఉన్నావు?"

"మీ నాయిన కోపం నీకు తెల్దేటి? నాను కూడా నవ్వితే ఇద్దర్నీ గుమ్మం బయట నిలబెట్టీవోడు. నానే ఎక్కువ కోపంగుంటే ఆయనే తగ్గుతాడనుకున్నాను. తగ్గినాడు కూడా."

"నాన్న పోయాకో?"

రమణమ్మ గోంగూర ఆకొకటి తీసి రెండుగా, నాలుగుగా చింపింది.

"ఆయన పోయినాక నవ్వితే, ఆయన పోవడానికే ఎదురుసూసినట్టుంటాది కదా. ఆపైన నీ ముందు నవ్వడం అలవాటు తప్పిపోనాది. రైల్లోనైతే నానెవులో ఎవులికీ తెల్దు."

ఊర్మిళకి ఒక్కసారిగా కోపమూ ఏడుపూ వచ్చాయి. ఇన్నేళ్ళూ తన కూతురు ఎంత గొప్పదో రైల్లో వాళ్ళకి చెప్పింది, కూతురికి తప్ప. ఆ మాటే అనబోయింది. ఈలోగా రమణమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఒలే... ఆ షూటింగు నన్ను సూణ్ణిస్తారేటి?"

మర్నాడు తల్లిని వెంటబెట్టుకు వెళ్ళింది. అటక సెట్టు ముందు రమణమ్మని చూడగానే ఉమేష్ పరిగెత్తుకొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సెట్టులో పోలీసు దుస్తుల్లో నిలబడి కనుబొమలు ఎగరేస్తున్న మనిషి మాత్రం భార్యనీ అత్తగారినీ చూసి స్తంభం వెనక్కి తప్పుకోబోయాడు. కొత్త మీసం దాగలేదు.

"చిన్న వేషమే," అన్నాడు ధనుంజయ్, నేల చూస్తూ. "మంచిగ రాకుంటే నవ్వుతవని చెప్పలే."

"నవ్వనులే," అంది ఊర్మిళ. "పెరుగు లేకుండా లేచిపోయినందుకు మాత్రం..." అని, తల్లీకూతుళ్ళ వేషాలవాళ్ళు చూస్తున్నారని ఆగిపోయింది.

కూత సీను తీశారు. అటక సీను తీశారు. రమణమ్మ గిన్నెలు ఎలా పడేయాలో తల్లి వేషం వేసినావిడకి దగ్గరుండి చూపించింది. చివరి సీను దగ్గర చిక్కొచ్చింది. కాగితాల ప్రకారం నాయిక సెక్రటరీ కాళ్ళు పట్టుకుని క్షమించమంటుంది. ఆయన కరిగిపోయి జట్టులోకి మళ్ళీ తీసుకుంటాడు.

"నేను పట్టుకోలేదు," అంది ఊర్మిళ.

"తెలుసు మేడమ్. కానీ ఇది సినిమా. కాళ్ళు పట్టుకోకపోతే ఇంటిల్లిపాదీ వచ్చి చూడరంటున్నాడు ప్రొడ్యూసరు."

"అంతసేపు నవ్వించిన పిల్ల ఆకర్న ఏడిస్తే ఎవులు సూస్తారు బాబూ?" అని రమణమ్మ తన హిందీలో అంది. యూనిట్ వాళ్ళు నవ్వారు గానీ ఉమేష్ తల గోక్కున్నాడు. ఆలోచిస్తాను, చివరి సీను వచ్చే వారం పెట్టుకుందాం అన్నాడు. ఆలోచిస్తాననే మాట ఊర్మిళ ఆటలో చాలామంది నోట విని ఉంది. నమ్మలేదు.

ఆ వారంలో మళ్ళీ అభన్‌పూర్ వెళ్ళింది. నళిని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎవరిదో జాకెట్టు కొలతలు తీస్తోంది. ఊర్మిళ బయట బెంచీ మీద కూర్చుంది. బేరాలు వచ్చాయి, పోయాయి. ఎండ బెంచీ మీదికి వచ్చింది. ఊర్మిళ జరిగి కూర్చుంది. చివరికి నళిని గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"చెప్పింది మా అమ్మ," అంది ఊర్మిళ. "అప్పుడూ నిన్ను అడక్కుండా చేశాను. ఇప్పుడూ కనుక్కోకుండా నిందేశాను. రెండూ తప్పే నళినీ."

నళిని బెంచీ రెండో చివర కూర్చుంది.

"ఆ పిల్లని ఏడిపించి ఒగ్గీసినారన్నావు కదా," అంది. "అలాగ ఒగ్గీవద్దని సెప్పు. ఆడించమను. నాకైతే ఆ దినం కోపం లేదు, ఏడుపూ లేదు. ఆడాలనుంది. అంతే."

ఊర్మిళ ఆ మాట ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి ఉమేష్‌కి అప్పజెప్పింది. అతను కాగితాలు తిరగేసి, వెనక వైపు ఏదో గీకడం మొదలుపెట్టాడు. రెండు విధాలుగానూ తీస్తాననీ, ఏది ఉంచాలో ప్రొడ్యూసరు చూసి చెబుతాడనీ అన్నాడు.

"ఏది ఉంచుతారు?"

"నమ్మండి మేడమ్."

సినిమా విడుదలయ్యేదాకా ఊర్మిళ నమ్మలేదు. హాల్లో మొదటి ఆటకి రమణమ్మా, ధనుంజయ్, కాలనీ పిల్లలూ ఒక వరుస నిండా కూర్చున్నారు. నళిని వస్తానని చెప్పలేదు. తెర మీద పేర్లు పడుతుండగా వచ్చి, ఊర్మిళ పక్కన ఖాళీగా ఉంచిన సీట్లో కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది.

షామియానా సీనుకి హాలు ఊగిపోయింది. అటక సీనుకి రమణమ్మ తెరకంటే ముందే నవ్వడం మొదలుపెట్టింది. ఊర్మిళ సినిమా మానేసి తల్లి వైపు చూసింది. ముందుకీ వెనక్కీ ఊగుతూ, ముక్కుపుడకలు మెరుస్తూ, నోటికి కొంగైనా అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది. ధనుంజయ్ పోలీసు వేషం రెప్పపాటులో వచ్చి పోయింది. అతనొక్కడే ఈల వేసుకున్నాడు.

చివరి సీను దగ్గరపడుతున్నకొద్దీ ఊర్మిళ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. సెక్రటరీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నాయిక అతని ముందుకి నడిచింది. వంగింది. ఇంకేముంది, మోసం చేశాడు అనుకుంది ఊర్మిళ. నాయిక వంగి, సెక్రటరీ కుర్చీ కింద పడి ఉన్న జట్టు బనీను తీసింది. దులిపింది. పక్కకి తిరిగి, గోడవారన నిలబడ్డ పిల్లకి విసిరింది. ఆ పిల్ల బనీను తొడుక్కుని గీత దాటి లోపలికొచ్చింది. సెక్రటరీ లేచి అరుస్తుంటే జనం అరుపుల్లో ఆయన గొంతు వినబడలేదు. ఎదుటి జట్టు నుంచి ఒకత్తె కూతకొచ్చింది. ఆ పిల్ల నేలకి కరుచుకుపోయి దాని కాలు పట్టేసింది. అక్కడితో సినిమా అయిపోయింది.

జనం ఈలలు వేస్తున్నారు. ఊర్మిళ ధైర్యం చేసి పక్కకి చూసింది. నళిని కదలకుండా తెర వైపే చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం చిరాగ్గా ఉంది.

"ఆ పట్టేటే అలాగ పట్టినాది?" అంది. "మడమ దగ్గిర పట్టాలి గానీ మోకాలెవులు పడతారు? జారిపోదేటి? ఎవులు నేర్పినారు దానికి?"

"నేనే," అంది ఊర్మిళ.

"అదే అనుకున్నాను," అని నళిని బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఇంకా కూర్చునే ఉన్న ఊర్మిళ చెయ్యి పట్టి లాగింది. "లెగు. గ్రౌండు ఎంత దూరం ఇక్కణ్ణించి? సూపిస్తాను."